అమ్మ కోసం నేను పాలిష్ పట్టిన దారి

మా అమ్మ పడిపోకుండా చూడాలని నేను చేసిన ఘనకార్యం వల్ల ఒక ఆదివారం పొద్దున అమ్మ ఇంట్లో బందీ అయింది, నేను వాకిట్లో వెల్లకిలా పడ్డాను, మా పాస్టరు గారు గొడుగు పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డారు. నవ్వేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, చాలా ఉంది.

అప్పటికి పదేళ్లుగా నేను మార్కాపురంలో పలకరాయికి పాలిష్ పట్టే పనిలో ఉన్నాను. నా చేతికొచ్చిన బండలో చూసుకుంటూ మీసం కత్తిరించుకోవచ్చని మా మేస్త్రీ ఒకసారి అన్నాడు. ఆ మాట నా తలకెక్కి మళ్లీ దిగలేదు.

ఆ ఏడు అమ్మ వాకిలి మెట్ల మీద జారి నెల రోజులు మంచంలో ఉంది. ఇంకోసారి పడితే లేవటం కష్టమని డాక్టరు చెప్పాడు. అమ్మకు మాత్రం ఒకటే పట్టుదల, ఆదివారం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చర్చికి నడిచి పోవాలి. నాకేమో భయం. భయం ఉన్నవాడు ఎవరినైనా అడుగుతాడు, కనీసం ఆ నడిచే మనిషినైనా అడుగుతాడు. నేను అమ్మను పది రోజులు గిద్దలూరులో చెల్లెలింటికి పంపించి, మెట్లు పగలగొట్టి, బండలతో ర్యాంపు కట్టాను. కట్టి ఊరుకున్నా బాగుండేది. మిషను తెచ్చి రెండు రోజులు పాలిష్ పట్టాను.

శనివారం సాయంత్రం అమ్మ వచ్చి, నా చెయ్యి పట్టుకుని పొడి బండల మీద మెల్లగా ఎక్కింది.

"ఏందిరా, ఇంత నున్నగుంది?" అన్నది.

పొగిడిందనుకున్నాను.

మర్నాడు ప్రార్థన చేసి అమ్మను చర్చికి తీసుకుపోదామని పాస్టరు గారు వచ్చారు. మెరుపు ఆయనకు బాగా కనపడాలని ర్యాంపు మీద రెండు బిందెల నీళ్లు కుమ్మరించాను. అవును, నేనే. "అమ్మా, ఇట్ల దిగాల" అని గడప దగ్గర నుంచి ఒక అడుగు వేశాను. రెండో అడుగు వేసిన గుర్తు లేదు.

"దెబ్బ తగిలిందా నాయనా?" అన్నారు పాస్టరు గారు.

"కాలు మడత పడింది అయ్యగారూ."

మాది ఒకే వాకిలి ఇల్లు. మెట్లు నేనే పగలగొట్టాను. అమ్మ పైన, మేం కింద.

"నేనొచ్చి నిన్ను ఎత్తుకుని దించుతానమ్మా" అని ఆయన చెప్పులు విడిచారు.

"మీరు ఎక్కబాకండి అయ్యగారూ. మీరు పడితే వాక్యం ఎవరు చెప్తారు? ఒరే, ఉలీ సుత్తీ ఏడ పెట్టినావు?"

"మంచం కిందమ్మా. ఎందుకు?"

అమ్మ లోపలికి పోయి రెండూ తెచ్చుకుంది. పాతికేళ్లు క్వారీలో పలకరాయి చీల్చిన మనిషి మా అమ్మ. ఆ సంగతి మర్చిపోవటమే నా అసలు తప్పు.

అమ్మ గడప మీద కూర్చుని, చెయ్యి అందినంత మేర బండ మీద ఉలితో గాట్లు పెట్టింది. గరుకైన చోటికి జరిగి కూర్చుని, కింది బండ అందుకుంది. అట్ల కొట్టుకుంటూ దిగుతోంది. పాస్టరు గారు పక్కన నేల మీద నిలబడి ఆమెకు ఎండ తగలకుండా గొడుగు పట్టారు.

"అమ్మా, ఆ మూల పాలిష్ బాగా వచ్చింది, దాన్ని వదిలెయ్" అన్నాను సిగ్గు లేకుండా.

"నువ్వు జారింది ఆ మూలనే గదరా."

కిందికి చేరాక అమ్మ లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ర్యాంపు ఎక్కి దిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలు నొప్పి వల్ల కాదు.

"వాలు బాగానే పెట్టినావు. ఇంకేడన్నా పాలిష్ పట్టినావా?"

పాస్టరు గారి ముందు అబద్ధం ఆడలేక బాత్రూం వైపు చూశాను. అమ్మ మళ్లీ సుత్తి అందుకుంది.

ఆ రోజు అమ్మ ముందు నడిచింది, నేను పాస్టరు గారి భుజం పట్టుకుని కుంటుతూ వెనక వెళ్లాను. చర్చిలో అందరి ముందు లేచి ప్రమాణం చేశాను. బతికున్నంత కాలం అమ్మ కాలు పెట్టే ఏ రాయినీ అమ్మను అడగకుండా ముట్టుకోను.

సంఘమంతా ఆమెన్ అన్నది. అమ్మ మాత్రం "చూద్దాం" అన్నది.