పత్తి మీద నాయన ఐదు నిమిషాలు

మా నాయన మొండి మనిషి. ఆ మొండితనం నాకూ వచ్చిందని అమ్మ అనేది. వచ్చింది, దాచుకోవడం ఎందుకు? ఆయన ఒకసారి సర్కారు రేడియోలో ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఊరంతా దాన్ని గొప్పగా చెప్పుకున్నారు. ఎందుకు మాట్లాడాడో మాత్రం ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మాది కుడతిని దగ్గర నల్లరేగడి పల్లె. నాయన, పెదనాయన ఉమ్మడిగా సేద్యం చేసేవాళ్ళు. ఒక ఏడు పుబ్బ కార్తెలో వాన పడగానే నాయన పత్తి విత్తుదామన్నాడు. నేలకు పదును చాలదు, ఇంకో వాన రానిమ్మన్నాడు పెదనాయన. నాయన వినకుండా గొర్రు కట్టి విత్తేశాడు. మొలకలు వచ్చాయి, వాన రాలేదు, చేనంతా మాడిపోయింది. అన్నాల దగ్గర పెదనాయన, "చెప్తే ఇన్నావా?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. దానికి మా నాయన చెప్పిన జవాబు ఇది: "బిడ్డలు లేనోనికి ఇత్తనాల సంగతేం తెలుసులే."

నాకప్పుడు ఏడేళ్ళు. పెదనాయన కంచంలోనే తింటున్నాను. నన్ను చంకనేసుకుని పెంచింది ఆయనే, నాయన కాదు. వడ్డిస్తున్న పెద్దమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే పెదనాయనా పెద్దమ్మా ఆలూరు పక్కన పెద్దమ్మ పుట్టినూరికి బండి కట్టారు. తప్పయిందని కాళ్ళమీద పడాల్సిన నాయన, బండి కదులుతుంటే ఒట్టు పెట్టుకున్నాడు: "నీ గడప తొక్కను. నీ మొకం చూసి మాట్లాడను." మాట అన్నవాడే ఒట్టు కూడా పెట్టుకోవడం మా ఇంట్లోనే చూశాను. తర్వాత కొన్నేళ్ళకు జిల్లానే చీల్చారు. ఆలూరు ఆంధ్రలోకి పోయింది, మేము మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాం. "సర్కారోళ్ళు మా ఎనక పాలు పంచుకున్నారు" అని నాయన నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఒళ్ళుమంట.

నేను చదువుకుని పట్నంలో బ్రూస్‌పేట బడిలో పంతులమ్మనయ్యేసరికి మా ఊరి పంచాయతీకి రేడియో వచ్చింది. సాయంత్రం రైతుల కార్యక్రమం వస్తే వీధరుగుల నిండా జనం. అంతకు ముందు రెండేళ్ళూ నాయనకు పత్తి బాగా పండింది. గ్రామసేవకుడు ఆయన పేరు రాసి పంపాడు. ధారవాడ రేడియో స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది: పత్తి విత్తడం గురించి ఐదు నిమిషాల ప్రసంగం, కన్నడంలో, ముందే రాసి పంపాలి, ఒప్పుకున్నాక అందులో ఉన్నదే చదవాలి.

నాయనకు కన్నడం మాట్లాడటం నీళ్ళు తాగినంత సులువు. చదవడం రాదు. ఆయన బడికి పోయిన కాలంలో మా ఊళ్ళో తెలుగు అక్షరాలే. అందుకని ఆయన చెప్తుంటే నేను రెండు ప్రతులు రాశాను: స్టేషన్‌కు కన్నడ లిపిలో ఒకటి, ఆయన చదువుకోవడానికి అదే కన్నడం తెలుగు లిపిలో ఇంకొకటి. సగం దాకా ఎరువులు, సాళ్ళ ఎడం, విత్తనం నానబెట్టడం. ఉన్నట్టుండి నాయన, "ఇప్పుడిది రాయి" అని చెప్పాడు: "నమ్మ అణ్ణ హద సాలదు అంత హేళిదరు. నాను కేళలిల్ల. తప్పు నందు."

మా అన్న పదును చాలదన్నాడు, నేను వినలేదు, తప్పు నాది. నా కలం ఆగిపోయింది.

"ఏంది నాయనా ఇది?"

"నువ్వు రాయి."

పదును సంగతి రాయించాడు. బిడ్డలు లేరన్న మాట ఊసు లేదు. పంతుళ్ళం కదా, వదిలిపెట్టిన పాఠం ముందు కనబడుతుంది మాకు. అయినా నోరు మూసుకుని రాశాను.

రమ్మని ఉత్తరం వచ్చాక ఇద్దరం ధారవాడ బయల్దేరాం. రైల్లో తోరణగల్లు దాటాక తనే చెప్పాడు. "నేనేమని ఒట్టు పెట్టుకుంటి? గడప తొక్కనని, మొకం చూసి మాట్లాడనని. రేడియోలో మొకం యాడుండాది? గడప యాడుండాది? మాట తనంతట తాను పోయి ఆయప్ప చెవిలో పడ్తాది. నా ఒట్టు నాకే ఉండాది." ఎంత సంబరమో ఆ ముఖంలో! వకీలు కూడా ఇంత దూరం ఆలోచించడు. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. పదమూడేళ్ళ నుంచి ఈ మనిషి మనసులో ఇదే నలుగుతోందని అప్పుడు తెలిసింది.

స్టేషన్‌లో ఆఫీసరు మంచివాడే. నాయన చేత చదివించి గడియారం చూశాడు. కన్నడంలో హ అన్నచోటల్లా తెలుగులో ప పలుకుతుంది కదా, నాయన కళ్ళు హత్తి అని చూస్తే నోరు పత్తి అంటుంది. "యజమాన్రే, హత్తి అన్రీ" అని ఆఫీసరు మూడుసార్లు దిద్దాడు. చివరికి అన్న సంగతి దగ్గర పెన్సిలు పెట్టి, ఇది ఇంటి విషయం, తీసేద్దామన్నాడు.

నాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది పోతే నేనూ పోతా సామీ."

ఆఫీసరు నన్ను చూశాడు. నేను గోడను చూశాను. పోనీండి, పదును చూసి విత్తమని చెప్పినట్టే కదా అని ఆయనే ఒప్పుకున్నాడు. టేపులో పట్టుకుని, శనివారం సాయంత్రం వేస్తామన్నారు.

శనివారం మా ఊళ్ళో నాయన గొంతు వినబడగానే ఈలలు వేశారు. నాయన మాత్రం రేడియోను చూడలేదు. తూర్పు దిక్కు చూస్తూ నిలబడ్డాడు, ఆలూరు అటుపక్క కాబట్టి.

ఇక ఎదురుచూపు మొదలైంది. కార్డు రాలేదు, కబురు రాలేదు, మనిషి రాలేదు. నెల గడిచేసరికి నాయన అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేశాడు. "ఇన్నాడు. ఇని ఊరుకున్నాడు. నేను అడుక్కున్నట్టయ్యె" అన్నాడొక రోజు నాతో. రాష్ట్రమంతా విన్న తప్పును అన్న ఒక్కడే తోసేశాడన్నది ఆయన బాధ. అన్నం సగమే తినేవాడు. నాకు భయం వేసింది.

బడికి సెలవులివ్వగానే ఇంట్లో చెప్పకుండా ఆలూరు బస్సెక్కాను. పెద్దమ్మ నన్ను చూసి ఏడ్చి, తిట్టి, అన్నం పెట్టింది. మాటల్లో మెల్లగా అడిగాను, ఈ ఊళ్ళో రేడియో ఉందా అని.

"ఎందుకు లేదు తల్లీ? పంచాయతీలో ఉండాది. దానికి తాళమేసి పెట్టినారు. తెలుగు ఒక్కటే మాట్లాడ్తాది. ఇంగేమీ పలకదు."

అప్పుడర్థమైంది నాకు. పంచాయతీ రేడియోలన్నీ ఒకే స్టేషన్‌కు బిగించి ఇస్తారు, మీట తిప్పడానికి ఉండదు. మాది మైసూరు పెట్టె, కన్నడం పలుకుతుంది. వాళ్ళది ఆంధ్ర పెట్టె. నాయన మాట బీదరు దాకా పోయి ఉంటుంది, ఈ ముప్పై నలభై మైళ్ళు మాత్రం రాలేదు. ఇది మాకెవరికీ తట్టలేదు, పంతులమ్మనని విర్రవీగే నాకూ తట్టలేదు!

పెదనాయనతో చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదు. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ముందు రెండు సర్కార్లనూ కలిపి తిట్టాడు.

"అట్లయితే నేను చెప్పనే లేదన్నమాట" అన్నాడు.

మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. పెదనాయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. పెద్దమ్మ మమ్మల్ని చూసి లోపలికి తప్పుకుంది. నాయన వాకిట్లోనే నిలబడ్డాడు. పెదనాయనను చూడకుండా, పక్కనున్న పందిరి గుంజను చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"నమస్కార, రైత బాంధవరే."

రేడియో ప్రసంగంలో మొదటి మాట అది. ఆ కాగితంలో ఉన్నదంతా, ఎరువుతో సహా, మొదటినుంచి చెప్పుకుంటూ పోయాడు. ఆ వాక్యం దాకా పోవడానికి ఆయనకు ఇంకో దారి తెలియదు. పెదనాయన పగ్గం పేనుతూనే ఉన్నాడు. "తప్పు నందు" అన్నాక నాయన ఆగాడు.

"అయిపోయిందా?" అన్నాడు పెదనాయన.

"అయిపోయింది. రేడియోలో చెప్పినా. నీకు ఇనబడలేదంట."

"వాన లేక పోయిన పత్తికి నేనెందుకప్పా నొచ్చుకుంటా? ఇంగో మాట అంటివే. అదీ చెప్పినావా రేడియోలో?"

"లేదు."

"ఎందుకు?"

నాయన అప్పుడు తలెత్తి అన్న ముఖం చూశాడు. కాగితం లేదు, నేను రాసిచ్చిందేమీ లేదు.

"సిగ్గయ్యిందన్నా. బిడ్డలు లేరని అంటి. అనగూడదు. అంటి."

పెదనాయన పగ్గం పక్కన పెట్టాడు. ఆయన కళ్ళు నిండాయి. నాకు మాత్రం ఆ క్షణాన ఇద్దరి మీదా కోపమే, ఇన్నేళ్ళు నా చిన్నతనాన్ని ఎత్తుకుపోయారని.

"నాకు చెప్పేదేం లేదు, పో. ఆ మాటకు దినమూ ఏడ్సింది నేను కాదు, మీ వదిన. ఆయమ్మకు చెప్పు. లోపలుండాది."

నాయన చెప్పులు విడిచి లోపలికి పోయాడు. మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. లోపలి మాటలేవీ బయటికి వినబడలేదు. కాసేపటికి ఏడుపు వినబడింది. పెద్దమ్మదనుకున్నాను. నాయనది.