విడుదల చీటీ

జాత్రా నాటకాల్లో గయ్యాళి అత్త వేషానికి కటక్ చుట్టుపక్కల సులోచనా స్వైఁ పెట్టింది పేరు. పెద్ద నాటక పార్టీ ఒకటి పిలిస్తే, తాను ఆడుతున్న పాత పార్టీని వదిలి ఒప్పందం మీద సంతకం చేసి, వానాకాలమంతా కొత్త నాటకం కంఠతా పట్టింది. తీరా మొదటి ఆటనాడు వెళ్లేసరికి ఆమె వేషంలో ఇంకొకావిడ ముస్తాబై ఉంది.

"సంతకం పెట్టాను కదా బాబూ?"

"పాత యజమాని విడుదల చీటీ ఇచ్చాకే ఒప్పందం అమల్లోకొస్తుందని రాసుకున్నాం అక్కా. అప్పటిదాకా మీకు వేషమివ్వాల్సిన పూచీ మాకు లేదు," అన్నాడు మేనేజరు.

సులోచన పాత యజమాని దగ్గరికి పరుగెత్తింది. "చీటీ అయినా ఇవ్వండి, నా పాత వేషమైనా ఇవ్వండి," అంది.

"వేషం వేరేవాళ్లకిచ్చేశాను. చీటీ ఇస్తే వెళ్లి నా ఆటకొచ్చే జనాన్నే లాక్కుంటావు," అన్నాడాయన పాన్ నములుతూ.

ఆ ఏడాది ఆమె ఏ డేరాలోనూ అడుగుపెట్టలేదు. తమ ఊళ్లో తాను కంఠతా పట్టిన ఆ నాటకం ఆడినప్పుడు, మైకు వినపడకుండా తలుపులు బిగించుకుని కూర్చుంది.