పది వేళ్ళ హాజరు

ఆ రోజుల్లో నాతో ఎవరైనా "వద్దు" అంటే చాలు, ఆ పని చేసి తీరాలనిపించేది. ఇప్పుడు ఆ జబ్బు తగ్గిందని మా ఇంట్లో వాళ్ళు అనుకుంటారు (తగ్గలేదు, దాచుకోవడం నేర్చుకున్నానంతే). మాది అనకాపల్లి వైపు, కానీ నేను పుట్టి పెరిగింది రాష్ట్రం దాటి బచేలిలో, గని ఉద్యోగుల కాలనీలో. నాన్న గనిలో భద్రత చూసేవాడు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరిచేతా ప్రమాణం చేయించడం ఆయన పని. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చి, మిక్సీ స్విచ్ వేసే ముందు అమ్మచేత చీర చెంగు దోపించేవాడు, కుక్కరు కూతపెడితే అందర్నీ రెండడుగులు వెనక్కి జరగమనేవాడు. అలాంటి మనిషితో ఇరవై ఒక్కేళ్ళ కూతురు "నేను వడ్రంగం నేర్చుకుంటాను" అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమన్నాడు. నేను గీదం బస్సెక్కాను.

గీదంలో చౌరస్తా దాటాక ఒక రేకుల షెడ్డు ఉండేది. ఉసూర్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ వడ్రంగి మేస్త్రీని అందరూ కాకా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన తెలుగు మా ఇంటి తెలుగు కాదు. మొదటి వారమంతా ఆయన "ఏంది" అన్నప్పుడల్లా నా మీద కోపంగా ఉన్నాడనుకుని ముఖం ముడుచుకున్నాను. గిరాకీతో హిందీ, కలప తెచ్చేవాళ్ళతో గోండి, తనలో తాను గొణుక్కునేటప్పుడు దోర్లి (తిట్లు అందులోనే బాగుంటాయనేవాడు). షెడ్డు మధ్యలో బల్ల మీద ఆయన ముద్దుబిడ్డ ఉండేది: జగదల్‌పూర్ నుంచి బస్సు టాపు మీద కట్టి తెచ్చిన కోత మిషన్. గుండ్రటి రంపపు బిళ్ళ పైన వేలాడుతుంటుంది, పిడి పట్టి దించితే కలప తెగుతుంది, కింద పీట తిప్పుకుంటే కావలసిన వాలులో తెగుతుంది. నాలుగు పట్టీలు కలిపి ఫ్రేము చేయాలంటే ప్రతి పట్టీకి రెండు చివరలా నలభై ఐదు డిగ్రీల వాలు కోయాలి. షెడ్డులో ఆ కోత పేరు "పైంతాలీస్".

మిషన్ ముట్టుకునే ముందు హాజరు చెప్పాలి. కాకా "పది?" అని అడుగుతాడు, మనం రెండు చేతులూ ఎత్తి చూపించి "పది" అనాలి. తన వంతు వచ్చినప్పుడు ఆయన తనకు తానే "తొమ్మిదిన్నర" అని చెప్పుకుని మొదలుపెట్టేవాడు (ఆ అర వేలు తీసింది మిషన్ కాదు, కర్ర చెక్కే బాడిస. పక్కవాడి పని చూసి నవ్వుతుండగా పోయిందట). నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో ప్రమాణాలు తప్పించుకుని వస్తే ఇక్కడ వేళ్ళ లెక్కా! అందుకే ఆయన "పది?" అంటే "నిన్నటివే" అనేదాన్ని. ఆయన ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని, నేను "పది" అనేదాకా స్టూలు మీద కూర్చునేవాడు. ఒకసారి అలా ఇద్దరం మధ్యాహ్నం టీ వచ్చేదాకా కూర్చున్నాం.

మూడు నెలలు నాచేత గరుకు కాగితంతో పట్టీలు రుద్దించాక, కొత్తగా తెరుస్తున్న బ్యూటీ పార్లరు దీదీ నిలువెత్తు అద్దానికి టేకు ఫ్రేము కావాలని వచ్చింది. నేను చేస్తానన్నాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. మా షెడ్డులో ఏ ఫ్రేము మూల కాస్త తెరుచుకున్నా, రంపపు పొట్టును జిగురులో కలిపి ఆ సందులో నింపేవాళ్ళం. దాన్ని మసాలా అనేవాళ్ళం. "మసాలా లేకుండా చేస్తాను కాకా, చూస్తూ ఉండు" అని దీదీ ముందే కోతలు కోశాను. కాకా తల గోక్కున్నాడు. "మంచిది బిడ్డా. శనివారం దాక టైము. ఒక్క మూలల సందు కనవడ్డా, మల్ల మిషన్ దిక్కు సూడొద్దు." ఇంటికి వెళ్ళి ఈ సంగతి గొప్పగా చెప్తే నాన్న దినపత్రిక దించాడు. "అయితే శనివారం నేనొస్తాను. కోచింగ్ ఫారం తెస్తాను. సందుందనుకో, ఆ బల్ల మీదే సంతకం పెట్టేయాల." సరేనన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ముందు చవక కర్రతో ఒక నమూనా కోశాను. పీట మీద ముల్లును సరిగ్గా నలభై ఐదు గీత మీద పెట్టి, ఎనిమిది కోతలూ కోశాను. మూడు మూలలు ఎలాగో నొక్కితే కలిశాయి. నాలుగోది నోరు తెరిచింది, అందులో నా చిటికెన వేలు గోరు దూరింది. కర్ర పచ్చిదన్నాను. వానగాలికి ఉబ్బిందన్నాను. చివరికి "కాకా, నీ మిషన్ దొంగది" అన్నాను. ఆయన పట్టీలు నున్నగా రుద్దుకుంటూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని మింగి, స్వీటు పెట్టె అట్టలో ఒక మూల, లంబకోణం చూసే గునియాకి సరిగ్గా సరిపోతోందో లేదో చూసుకుని, రెండు అంచులూ కలిసేలా మడిచాను. బడిలో నేర్చుకున్నదే, అలా మడిస్తే వచ్చేది నలభై ఐదే. ప్లగ్గు పీకి, ఆ అట్టను పట్టీ ఆనే వెనకగోడకీ రంపపు బిళ్ళకీ మధ్య పెట్టి చూశాను. ముల్లు అబద్ధం చెబుతోంది. ప్రతి కోతలో వెంట్రుకంత తేడా, ఎనిమిది కోతలు కలిసేసరికి గోరంత.

"బస్ మీదకెల్లి దించేటప్పుడే వంగింది ఆ ముల్లు" అన్నాడు కాకా తాపీగా. "నేను పెన్సిల్ గీత మీదనే పెట్టుకుంట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగినవా?"

అడగలేదు. అడగడం అంటే ఓడిపోవడమే అనుకునే రోజులవి. చూస్తే ఆ పెన్సిల్ గీత పీట మీద అందరికీ కనబడేలాగే ఉంది. అంకె వేసి ఉంది కదా అని నమ్మింది, చదువుకున్న నేను ఒక్కదాన్నే.

శనివారం పొద్దున అట్ట ప్రకారం పీట బిగించి, రెండు చెత్త ముక్కలు కోసి, కలిపి, లోపలివైపు గునియా పెట్టి చూసుకున్నాను. సరిగ్గా కూర్చుంది. టేకు పట్టీలు ఎదురెదురువి ఒకే పొడవు వచ్చేలా బల్లకి ఒక అడ్డుచెక్క బిగించాను. ఏడు కోతలూ చక్కగా వచ్చాయి. ఎనిమిదోది కోస్తే పట్టీ ఒక గోరు మందం పొడవు మిగిలింది. ఆ కాస్త కోసేస్తే అయిపోతుంది. అప్పుడే బయట నాన్న బండి చప్పుడు వినిపించింది. ఆయన లోపలికి వచ్చేసరికి పూర్తి చేసి నిలబడాలి, నా తల ఎత్తి ఉండాలి! పట్టీని క్లాంపుతో బిగించలేదు, చేత్తోనే అదిమాను. కాకా "పది?" అని అరిచాడు, వినలేదు. దించాను, తెగింది, స్విచ్ వదిలాను, బిళ్ళ ఇంకా తిరుగుతుండగానే పిడి పైకి లేపాను. తెగిన పీలిక గాల్లోకి ఎగిరి, గుమ్మంలో నిలబడ్డ నాన్న హెల్మెట్‌కి టక్కున తగిలింది.

బండి దిగినా హెల్మెట్ తీయని మనిషి కనుక బతికాం. నాన్న కింద పడ్డ పీలిక తీసి చూశాడు, నన్ను చూశాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట "అమ్మా" కాదు, "అయ్యో" కాదు. "బిళ్ళ ఆగిందా?"

"ఆగలేదు సార్" అన్నాడు కాకా, నా మీద చాడీలు చెప్పడానికి ఎప్పట్నుంచో కాచుకున్నట్టు. "ఆగెదాక పైకి లేపద్దని రోజు చెప్త."

"మీ దగ్గర ప్రమాణం లాటిదేటీ లేదా మేస్త్రి గారూ?"

"హాజరు ఉంది సార్. మీ బిడ్డనే చెప్పదు."

నిమిషం క్రితం వరకు ఒకరి ముఖం ఒకరు ఎరగని ఈ ఇద్దరూ పక్కపక్కన నిలబడి నన్ను చూస్తుంటే, నేను పుట్టిందే వీళ్ళిద్దర్నీ కలపడానికా అనిపించింది. "ఎల్దాం పద పాపా. ఇక సాలు" అన్నాడు నాన్న, చేతిలో ఫారం ఊపుతూ. నా చేతులు చూసుకున్నాను. పదీ ఉన్నాయి. ఒకటి పోయి ఉండేదని అప్పుడు నిజంగా అర్థమైంది. అయినా కదల్లేదు. "వెళ్ళను. ఆ చివర పేడు లేచింది, అది సరిచేయాలి. మూల కలవకపోతే ఫారం నేనే నింపుతాను, సంతకం కూడా గుండ్రంగా పెడతాను."

కాకా ప్లగ్గు పీకి స్టూలు మీద కూర్చున్నాడు. నేను రెండు చేతులూ ఎత్తాను. "పది" అన్నాను. ఆ మాట మొదటిసారి ఆయన కోసం కాకుండా నాకోసం అన్నాను. చున్నీ విప్పి మేకుకి తగిలించాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. పట్టీని వెనకగోడకి ఆనించి క్లాంపు బిగించాను, ఎడమ చెయ్యి బిళ్ళకి జానెడు దూరం పెట్టాను. కాకా ప్లగ్గు పెట్టాక స్విచ్ నొక్కి, బిళ్ళ పూర్తి వేగం అందుకునేదాకా ఆగి, నెమ్మదిగా దించాను. స్విచ్ వదిలి, పిడి కిందే ఉంచి, బిళ్ళ చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా నిలబడ్డాను. జీవితంలో అంత ఓపిక నాకు అంతకుముందు లేదు. ఎదురు పట్టీని కూడా అదే కొలతకి కోసి, నాలుగూ బల్ల మీద పేర్చి చుట్టూ నైలాను పట్టా బిగించాను.

నాన్న వంగి చూశాడు. కళ్ళతో చూస్తే చాలదు కదా ఆయనకి, తనిఖీ కావాలి. చేతిలో ఉన్న కోచింగ్ ఫారం అంచును మొదటి మూలలో దూర్చబోయాడు. దూరలేదు. రెండోది, మూడోది. నాలుగో మూల దగ్గర కాస్త గట్టిగానే నెట్టాడు, ఫారం మడత పడింది. "దూరదేటి?" అన్నాడు తనలో తను, అటు తిప్పి ఇటు తిప్పి. కాకా మసాలా డబ్బా మూత పెట్టేశాడు. నాన్న ఆ నలిగిన ఫారాన్ని జేబులో కుక్కుకుని, హెల్మెట్ పట్టీ మళ్ళీ బిగించుకుని, వెళ్తూ వెళ్తూ అన్నది ఒక్కటే. "మేస్త్రి గారూ, పాప చున్నీ తీసిందా లేదా అని కూడా హాజరులో కలిపేయండి."

ఇప్పుడు జగదల్‌పూర్‌లో నాకు సొంత షెడ్డు ఉంది. కాకా మళ్ళీ ఉసూర్ వెళ్ళిపోయాడు, పండక్కి ఫోన్ చేస్తే హలో అనడానికి బదులు "పది?" అంటాడు. మొన్న గీదం మీదుగా వెళ్తూ ఆ పార్లర్‌లో ఆగాను. అద్దం అక్కడే ఉంది, టేకు నల్లబడింది. దీదీ చూడకుండా బస్సు టికెట్టు తీసి నాలుగో మూలలో దూర్చబోయాను. దూరలేదు. తల ఎత్తితే అద్దంలో ఒక నెరుస్తున్న జుట్టు మనిషి, ముక్కు మీద కళ్ళజోడు గీత, గడ్డం మాత్రం అప్పటిలాగే పైకెత్తి. నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది ఆ పాత పిల్ల మీద. ఒక్క మాట అడిగి ఉంటే ఎంత ఏడుపు తప్పేదో! నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే రెండు చేతులూ అద్దానికి ఎత్తి చూపించాను.

"క్యా హువా?" అంది దీదీ కంగారుగా.

"హాజరీ" అన్నాను. పదీ ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.