ఆ గ్లాసు నా దాకా రాలేదు

వాల్తేరు బండి మా పటాలం కంపెనీని రాయపూర్‌లో దింపేసరికి మధ్యాహ్నం రెండయింది. యుద్ధం నడుస్తున్న రోజులు. మే నెల, వడగాలి. తలకో రైఫిలు, రెండు కంబళ్ళు, ఒక ఎనామిల్ మగ్గు. లారీ ఎక్కించి ఊరి బయట విమానాల మైదానానికి తీసుకెళ్ళారు. ఎర్ర మొరం నేల, కనుచూపు మేరలో నీడ లేదు. పెట్రోలు డ్రముల కాపలా మా పని. రెండు గంటలు నిలబడాలి, నాలుగు గంటలు నడుం వాల్చవచ్చు. అగ్గిపుల్ల గీసినవాడికి కోర్టు మార్షలే.

నాతోపాటు టెలిఫోను చూసే మా సిగ్నల్‌మన్ ఉన్నాడు. ఇద్దరిదీ కృష్ణ ఒడ్డున ఒకే గూడెం. ఒకే రోజు, ఒకే కాలవలో బాప్తిస్మం తీసుకున్నాం. నన్ను బావా అని పిలిచేవాడు. గుడారంలో తక్కినవాళ్ళెవరికీ తెలుగు రాదు. నలుగురితో కూర్చుని రొట్టె విరవనివాడి విశ్వాసం ఎంతో కాలం నిలవదని మా పాస్టరుగారు చెప్పి పంపారు. ఆ మాట నన్ను భయపెట్టింది. మొదటి ఆదివారమే తెలుగు ప్రార్థన ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళాం.

రైల్వే క్వార్టర్లలో ఒక ఫిట్టరుగారి వరండాలో దొరికింది. సంఘపెద్ద ఆయనే. ఏడెనిమిది కుటుంబాలు, రెండు చాపలు, ఒక ఇత్తడి గ్లాసు. ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసాన్ని ప్రభువు రక్తంగా అందరూ ఆ ఒక్క గ్లాసులోనే తాగాలి.

"బైఠో తమ్ముడూ. ఈ పరాయి ముల్కులో మనకి మనమే చుట్టాలం," అన్నాడాయన.

వానలకు వరండా కారితే నేనే ఎక్కి పెంకులు సర్దాను. వాళ్ళ ముసలమ్మ పోతే శవపేటిక మోశాను. ఇంటిమీద బెంగ తగ్గింది. నాకు మనుషులున్నారనుకున్నాను.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒక ఆదివారం నాకు కాపలా పడింది. సిగ్నల్‌మన్ ఒక్కడే వెళ్ళాడు. మరుసటి వారం నేను వెళ్ళేసరికి చాప అంచున ఒక సత్తు గ్లాసు విడిగా పెట్టి ఉంది.

ఫిట్టరుగారు నన్ను పక్కకి పిలిచాడు. "ఏమనుకోమాక తమ్ముడూ. కొత్తగా బదిలీ మీద వచ్చిన రైలు గార్డు నీ ఇంటిపేరు గుర్తుపట్టాడు. నీది గూడెమంటగా. ఆడవాళ్ళు ఒప్పుకోవటంలా. ప్రభువు రక్తం ఏ గ్లాసులో పోసినా ప్రభువు రక్తమేగా."

ఊరివాళ్ళకి మాలపల్లె, మాదిగగూడెం రెండూ వెలివాడలే. కానీ పల్లెవాళ్ళు గూడెంవాళ్ళు తాకిన గ్లాసు ముట్టరు. ఆయనది పల్లె.

"మా సిగ్నల్‌మన్‌ని అడిగారా అండీ?"

"అడిగాం. ఆయనదీ పల్లేనంట. నువ్వు పటాలంలోనే పరిచయమన్నాడు, అంతకు ముందు ఎరగనన్నాడు."

చాప మీద కూర్చున్న సిగ్నల్‌మన్ పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఇత్తడి గ్లాసు వరసలో అతని దాకా వచ్చింది. తాగి పక్కవాడికి ఇచ్చాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఒక్కరూ ఆగమనలేదు. వెనక పాట కూడా ఆగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఫిట్టరుగారి మీద కంటే అతని మీదే ఎక్కువ మండింది.

మర్నాడు ఉదయం నా కాపలా పోస్టులో టెలిఫోను మోగింది. అవతల అతనే.

"పోస్ట్ దో, రిపోర్ట్."

"సబ్ ఠీక్."

"బావా, నిజం చెబితే ఇద్దర్నీ బయట కూర్చోబెట్టేవాళ్ళు. ఒక్కడన్నా లోపలున్నాడుగా."

"ఆ ఒక్కడెవడో నువ్వే తేల్చుకున్నావుగా," అని పెట్టేశాను. ఆ తర్వాత డ్యూటీ మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. ఆదివారాలు గుడారంలో ఒంటరిగా మోకరించేవాణ్ణి. ప్రార్థన సగంలోనే తెగిపోయేది.

మార్చిలో కంపెనీకి తిరుగు ప్రయాణం ఆర్డరు వచ్చింది. అతన్ని సాగనంపడానికి సంఘమంతా స్టేషనుకి వచ్చింది. ఫిట్టరుగారి భార్య కిటికీలోంచి అతనికి అరిసెల పొట్లం అందించింది. పక్కనే ఉన్న నాకు నవ్వుతూ చెయ్యి ఊపింది.

బండి కదిలింది. అతను పొట్లం విప్పి ఒక అరిసె తీశాడు. విరిచి, సగం నా ముందుకు చాపాడు.

"తిను బావా."

అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు జాలి కలగలేదు. నేను చెయ్యి కదపలేదు. బండి ఊపుకి ఆ సగం అరిసె పొడిపొడిగా నా బూట్ల మీద రాలుతోంది. ఆ చెయ్యి మాత్రం అతను దించలేదు.