చెరిపేశాక మిగిలిన మాట

పులివెందుల బస్టాండులో మగ్గిన అరటిపళ్ల వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. అప్పుడు ఖైరున్నీసా మేడం గుర్తొస్తారు. జమ్మలమడుగులో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు తెలుగు చెప్పేవారు.

పాఠాల్లో ఒక పాత ప్రేమపద్యం ఉండేది. యవ్వనం దీపంలో చివరి నూనె, రేపు అనేది దొంగ, కాబట్టి ఇప్పుడే రమ్మని ప్రియుడు బతిమాలుతాడు. మేడం ఏ పద్యాన్నయినా బోర్డు నిండా రాసి, ఒక్కో అలంకారాన్నీ మురిసిపోతూ వివరించి, వివరించినదాన్ని చెరిపేసేవారు. ఆ రోజూ అంతే, ఉపమ పోయింది. రూపకం పోయింది. అతిశయోక్తీ పోయింది. చివరికి బోర్డు మీద ‘రా’ ఒక్కటే మిగిలింది.

"యాడికి రమ్మంటాండాడు?" అన్నారు.

"పద్యం శానా బాగుంది, నాకూ గుండె జల్లుమంటాది. కానీ ఆ పిల్లను తొందరపెడతాండేది ప్రేమా, భయమా? భయపడండి, తప్పు లేదు. భయపడి మాత్రం లేచిపోవద్దండి."

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నన్ను ప్రేమిస్తున్నానన్న సీనియర్ ఆ శనివారమే బెంగళూరు పోదామన్నాడు. ఇంట్లో తెలిస్తే నాన్న చంపుతాడని భయం, పోకపోతే అతను దక్కడని భయం. రెండో భయమే గెలిచి, బెంగళూరు బస్సెక్కడానికి అతను రమ్మన్న పులివెందుల బస్టాండుకు వెళ్లాను.

అరటిపళ్ల బండి పక్కన నిలబడి ఉన్నాడు. "మన వయసు కూడా ఈ గెల మాదిరే. ఒక్క దినం దాటితే నల్లబడతాది. ఎక్కు" అన్నాడు.

నాకు బోర్డు కళ్ల ముందు కనబడింది. గెల పోయింది, నలుపు పోయింది.

"బెంగళూరులో యాడికి?"

"అయన్నీ ఇప్పుడెందుకు?" అంటూ మణికట్టు పట్టుకున్నాడు. గాజు చిట్లింది. విడిపించుకుని, కనబడిన ప్రొద్దుటూరు బస్సు ఎక్కేశాను. టికెట్టు పట్టుకున్న అరచేతులు దారంతా చెమటతో తడుస్తూనే ఉన్నాయి.

సోమవారం మేడంకు చెప్పాను. తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డారు. "నేను పద్యం చెప్పినా అనుకుంటి. నువ్వు బస్టాండుదంకా పోయినావా తల్లీ" అన్నారు. చెమట పట్టిన అరచేతులను కొంగుకు తుడుచుకున్నారు. అది చూశాకే, నేను ఎంత అంచు నుంచి వెనక్కి వచ్చానో తెలిసింది.

ఆ భయం నన్ను పూర్తిగా వదల్లేదు. ‘ఇప్పుడే’ అని ఎవరు తొందరపెట్టినా ముందు అరచేతులు తడుస్తాయి, తర్వాత నా నోట ‘యాడికి?’ అన్న మాట వస్తుంది.

పెళ్లిచూపులకు వచ్చిన, మా జిల్లాలోని ఖాజీపేట అబ్బాయినీ అదే అడిగాను. "మా ఇల్లు చిన్నది. వానొస్తే వంటింట్లో కారతాది. నువ్వు నిదానంగా ఆలోచించుకోని చెప్పు" అన్నాడు.

అతని మాటల్లో ఎంత వెతికినా చెరపడానికి ఏమీ దొరకలేదు. అరచేతులు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి.