రూతు బంతి విసిరి చూపించడానికి హమద్ టౌన్ వెళ్ళిన శుక్రవారం

మేమున్న దీవి నుంచి సౌదీకి సముద్రం మీద వంతెన కడుతున్న రోజులవి. మేము తుబ్లీలో ఉండేవాళ్ళం. మా ఆయనకి అక్కడే కార్లు బాగుచేసే షెడ్డులో పని. నేను జుఫేర్‌లో ఒక అమెరికా వాళ్ళింట్లో వంట చేసేదాన్ని. మా ఒక్కగానొక్క పిల్ల రూతు పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. హమద్ టౌన్ ప్రయాణం దాని కోసమే.

నేను పనిచేసే ఇంట్లో ఇద్దరు మగపిల్లలు. వాళ్ళది బేస్‌బాల్ పిచ్చి. ఒకడు బంతి విసిరితే ఇంకొకడు గుండ్రటి కర్రతో కొట్టి, నాలుగు మూలలూ చుట్టి పరుగెత్తుకొచ్చే ఆట. బడి వదలగానే రూతు నా పని అయ్యేదాకా అక్కడే ఉండేది. వాళ్ళతో ఆడీ ఆడీ వాళ్ళకన్నా గట్టిగా విసరడం నేర్చుకుంది. అంతకు ముందేడు మా తెలుగు సంఘం వాళ్ళు పిక్నిక్ పెట్టినప్పుడు, హైదరాబాదు నుంచి చెల్లెల్ని చూడ్డానికి వచ్చిన ఒకావిడ ఇది విసరడం చూసింది. అక్కడ ఆడపిల్లల కాలేజీలో ఆటల కోచ్. "మా పిల్లలు ఆడేదీ ఇలాంటిదే, సాఫ్ట్‌బాల్ అంటారు. బంతి విసిరే పిల్ల కోసం వెతుకుతున్నాను. సీటూ హాస్టలూ నేను చూసుకుంటాను" అంది. వెళ్ళాక అదే మాట ఉత్తరంలో కూడా రాసింది.

ఉత్తరం రాగానే మేం చేసిన పని, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టడం. మేలు జరిగాక పెట్టుకునే కూడిక అది. మేం ముందే పెట్టేశాం. మా చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు, అందరూ బిర్యానీ తిని రూతు తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. ఆ తర్వాత ఇంకో కాలేజీకి రాద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు. దేవుడికి కృతజ్ఞత చెప్పేసి మళ్ళీ ఇంకోచోట అడగడమేంటి, నమ్మకం లేనట్టు కాదా అన్నాడు.

పరీక్షలయ్యాక కబురొచ్చింది. ఆ కోచ్ ఆ కాలేజీ వదిలేసి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆమె చోటికి విమల మేడమ్ అని ఇంకొకరు వచ్చారు. ఆ మేడమ్ ఏదో శిక్షణకి విదేశం వెళ్ళి, తిరుగు దారిలో హమద్ టౌన్‌లో ఇళ్ళు కట్టే కంపెనీలో పనిచేస్తున్న అన్న దగ్గర ఆగుతుందట. శుక్రవారం పొద్దున్నే అమ్మాయిని తీసుకొస్తే చూస్తానని చెప్పి పంపింది. అదే సమయంలో మనామాలో ఒక అరబ్బు ఇంటివాళ్ళు పిల్లల్ని చూసుకోవడానికి రూతుని అడిగారు. శనివారం ఉదయానికి ఏదో ఒకటి చెప్పాలి.

శుక్రవారం ఆరింటికి బయల్దేరాం. పులిహోర డబ్బా, మంచినీళ్ళు, బంతి, అమెరికా పిల్లలు ఇచ్చిన పాత తోలు చేతొడుగులు రెండు, అన్నీ ఒకే సంచిలో. రెండో చేతొడుగు నాది. రోజూ సాయంత్రం దాని బంతి పట్టేది నేనే. ఈసా టౌన్ దాకా బస్సు ఖాళీగా వెళ్ళింది. అక్కడ మారాలి. చాలాసేపు నిలబడ్డా రెండో బస్సు జాడ లేదు. పిల్ల మొహం ఎండకి కందిపోయింది.

పికప్ ఒకటి మా ముందు ఆగింది. వెనకాల పదిమంది కూలీలు ఉన్నారు. డ్రైవరు తల బయటపెట్టి, "ఏడికి పోవాలె అక్కా?" అన్నాడు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విన్నాడట.

"హమద్ టౌన్ బాబూ."

"శుక్రారం ఆడికి బస్సు నమాజు అయినంకనే. మేం ఓవర్‌టైంకి ఆడికే పోతున్నం. ముంగట కూసోండ్రి."

అతని పేరు మల్లేశం, కరీంనగర్ వైపు. "దుబాయికొచ్చి ఆరేండ్లాయె. తెలుగు ఆడోళ్ళు నా బండెక్కుడు ఇయ్యాలనే" అన్నాడు. వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. రూతు జడకీ ఇస్త్రీ బట్టలకీ ఓసారి చూసి, "పెండ్లిచూపులా?" అని అడిగాడు.

"కాదు బాబూ. ఇది బంతి ఎలా విసురుతుందో చూస్తారంట."

"గంతేనా! పెండ్లిచూపులకైనా గింత భయపడరు" అన్నాడు. వెనక కూర్చున్న వాళ్ళు కూడా నవ్వారు. రూతు మాత్రం నవ్వలేదు. బంతిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

హమద్ టౌన్ అప్పటికి సగమే ఊరు. ఒక వీధిలో ఆరేసిన బట్టలు, పిల్లల సైకిళ్ళు. పక్క వీధిలో తలుపులు కూడా పెట్టని ఇళ్ళు, వాటి వెనక ఇసుక. చెట్టన్నది లేదు. మల్లేశం మమ్మల్ని కంపెనీ గదుల ముందు దింపి, డబ్బులిస్తే తీసుకోలేదు.

విమల మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉంది. కూర్చోమనలేదు. "ఎండ ముదరకముందే చూస్త. నడువుండ్రి" అని వెనక ఉన్న ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళి అడుగులు కొలిచి మడమతో గీత గీసింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని అవతల గొంతుక్కూర్చున్నాను.

"మీరు పట్టుకుంటరా?" అంది.

"అలవాటేనండి."

రూతు చెయ్యి తల మీదుగా తిప్పి విసిరింది. బంతి చేతొడుగులో పడ్డ చప్పుడు ఖాళీ ఇళ్ళలోంచి తిరిగి వినిపించింది. ఇంకో నాలుగు విసిరింది. ఒక్కటీ తప్పలేదు. నా అరచెయ్యి మండుతోంది, అయినా లోపల సంతోషంగా ఉంది.

మేడమ్ చెయ్యెత్తి ఆపింది. "బిడ్డా, మంచిగ విసురుతున్నవ్. కానీ గిది మగపిల్లల బేస్‌బాల్ విసురుడు. మా ఆటల చెయ్యి నడుం కిందికెల్లి తిప్పి విసరాలె. నీకు చెప్పలేదా?"

"పాత మేడమ్ వచ్చాక నేర్పిస్తానన్నారండి" అంది రూతు.

"ఆమె అన్నది. ఆమె లేదు. ఒకసారి కిందికెల్లి వెయ్యి."

వేసింది. మొదటిది నా తల మీదుగా పోయింది. రెండోది ఇసుకలో దిగబడింది. మూడోదానికి పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను లేచి దగ్గరికి వెళ్ళబోతే మేడమ్ చూపుతోనే ఆపేసింది. రూతుని చాలా దూరం పంపి, అక్కణ్ణుంచి తన దగ్గరికి ఎలాగైనా సరే విసరమంది. అది పాత పద్ధతిలోనే విసిరింది. బంతి నేల తాకకుండా వచ్చి మేడమ్ కాళ్ళ ముందు పడింది. ఆవిడ దాన్ని తీసుకుని గదికి నడిచింది.

గదిలో టీ ఇచ్చాక పాత కోచ్ ఉత్తరం తీసి చూపించాను. పూర్తిగా చదివి జాగ్రత్తగా మడిచి నాకే ఇచ్చేసింది.

"అమ్మా, ఆ బంతి విసిరే జాగకు నేను వేరే పిల్లను తీసుకున్న. దూరంకెల్లి విసిరెటోళ్ళకు ఒక జాగ ఉంది. దానికి జూన్ల అందరితోటి సెలక్షన్ పెడుత. రమ్మను."

"టికెట్లు పెట్టుకుని వచ్చాక లేదంటేనో మేడమ్?"

"తిరిగి పోవాలె. అందుకే ముందుగాల చెప్తున్న. మాట మాత్రం ఇయ్యను."

నాకు కోపం వచ్చింది. చర్చి సంఘం అంతా తిని దీవించి వెళ్ళిన సీటు అది. ఏదో అనబోతుంటే రూతే అడిగింది, "ఈలోగా కిందనుంచి వెయ్యడం కూడా నేర్చుకుంటే పనికొస్తుందా మేడమ్?"

ఆవిడ మొదటిసారి దాని మొహంలోకి నిదానంగా చూసింది. దాని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి మణికట్టు ఎలా తిప్పాలో, ముందడుగు ఎక్కడ వెయ్యాలో చూపించింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం మా పులిహోర ఆవిడ కూడా తింది.

నమాజు అయ్యాక బస్సెక్కాం. అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, శుక్రవారం పొద్దున బస్సు మీద ఆశ పెట్టుకోకండి. నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళండి, నిలబడడానికి నీడ దొరకదు.

ఊరు దాటాక రూతు అంది, "జూన్‌కి కిందనుంచి వెయ్యడం వచ్చేస్తుందంటావా అమ్మా?"

"నాకేం తెలుసే. ముందు నా తల మీదుగా పోకుండా వెయ్యి."

కాస్త నవ్వింది. సంచి ఒళ్ళోకి లాక్కుని, "నాన్నకేం చెబుతాం?" అంది.

"జరిగిందే చెబుతాం. సీటు రాలేదు, సెలక్షన్‌కి రమ్మన్నారు అని."

"రేపు ఆ అరబ్బు ఇంటికో?"

"రావని చెబుతాను."

"జూన్‌లో తీసుకోకపోతే?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. నువ్వు పనికి కుదిరితే సెలక్షన్‌కి వెళ్ళనిస్తారా?"

రూతు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. జుట్టు నిండా ఇసుక. ఆ తర్వాత ఇంతకన్నా పెద్ద ప్రయాణాలు చాలానే చేశాను గానీ, పోతున్నప్పటి కంటే తక్కువ చేతబట్టుకుని, పోతున్నప్పటి కంటే ధైర్యంగా తిరిగొచ్చింది ఆ ఒక్కసారే. నాకు వచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు. ఆ ఇంటావిడ ముందు తడబడకూడదని, ఈసా టౌన్ వచ్చేదాకా వాటిని పెదాల మధ్యే అనుకుంటూ కూర్చున్నాను. బింత్ మదరసా. ఖలాస్. అమ్మాయి చదువుకుంటుంది. అంతే.