సీసాకు కట్టిన నల్లదారం

మా నర్సమ్మ పోయింది. నిన్న మధ్యాహ్నం, కొత్తవాడలో మా వెనక గదిలో, నా చేతుల్లోనే పోయింది. ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండేళ్ల కింద జంపఖానాలు నేసే మా ఆయనకు ఛాతీలో చీము పట్టింది. దవాఖానలో డాక్టరు పక్కటెముకల మధ్య రబ్బరు గొట్టం వేసి, దాని కొసకున్న గాజుగొట్టాన్ని మంచం కింద నీళ్ల సీసాలో ముంచారు. ఆయన ఊపిరి తీస్తే ఆ గాజుగొట్టంలో నీరు లేచేది, వదిలితే దిగేది. ఆ వార్డులో నర్సు మా నర్సమ్మే. నేల మీద కూర్చుని ఆ నీటినే చూసేది. కానీ అంతకంటే ముందు ఆయన మొహం చూసేది. "ముందుగాల మనిషి మొకం సూడాలె బిడ్డా, సీసా ఎటు పోతది?" అనేది.

పలకరించడానికి వచ్చిన చుట్టాలంతా వంగి ఆ నీటిని వింతగా చూసేవారు. మా అత్తకు గుబులు పట్టుకుంది. "నా కొడుకు పానం బయటికి కనబడ్తాంది. నలుగురి కండ్లు పడ్తానయ్. జర గుడ్డ సుట్టరాదే" అంది. నేను పాత చీర పేలిక చుట్టి, రబ్బరు గొట్టాన్ని కూడా కలిపి నల్లదారంతో గట్టిగా ముడివేశాను. ఇక దిష్టి తగలదని కుదుటపడ్డాను కూడా.

గంట గడవలేదు. ఆయన పెదవులు నల్లబడ్డాయి. గొంతులో గురగుర. నేను పెట్టిన కేకకు నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. మొహం చూసింది. పక్కకు తిప్పి, వేలికి గుడ్డ చుట్టి గొంతులోని కఫం తీసింది, దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. అప్పుడు వంగి, పేలికను చూసి, దారం కత్తిరించింది.

"నీళ్లు లేస్తానయా?" అని నన్నడిగింది.

"లేస్తలేవమ్మా!"

"మల్ల సూడు."

నీరు వేలెడు లేచింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. చేజేతులా ఆయన ఊపిరిని బిగించింది నేనే. సాయంత్రం డాక్టరుతో ఆమె, "గొట్టం నొక్కుకపోయింది సార్, నేను సూసుకోలె" అంది. నా పేరెత్తలేదు. ఆ దారాన్ని నా చేతిలో పెట్టి, "మంచం కోడుకు కట్టుకో. ఊపిరి పోయే తొవ్వకు మాత్రం కట్టకు" అంది.

దవాఖానలో పని మానేశాక, నా అన్నవాళ్లు ఎవరూ లేని ఆమెను మా ఇంటికే తెచ్చుకున్నాం. ఎన్నో ఛాతీలకు కాపలా కాసిన మనిషికి ఛాతీ జబ్బే వచ్చింది. నిన్న కఫం అడ్డుపడితే మా ఆయన డాక్టరు కోసం పరుగెత్తాడు. నేను ముందు మొహమే చూశాను. పక్కకు తిప్పాను, వేలికి గుడ్డ చుట్టాను, కఫం తీశాను. "అమ్మా, జర గాలి తీస్కో" అని బతిమాలాను. అన్నీ ఆమె చెప్పినట్టే చేశాను. చాలలేదు.

మా ఆయన ఒక్కడే తిరిగొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. పరుగు మీద వచ్చాడు కదా, ఛాతీ ఎగసిపడుతోంది. ఆ గదిలో వినబడేది ఆయన ఊపిరి ఒక్కటే.